నీలంలో ఒకలా, ఎరుపులో ఒకలా: పలుచని సెన్సర్ పరీక్షల డైరీ

చేతికొచ్చిన చిప్

వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే మా స్పెక్ట్రోగ్రాఫ్‌లో నీలం వైపు కెమెరాకి పెట్టాల్సిన సీసీడీ (వెలుగుని ఎలక్ట్రాన్లుగా మార్చే సెన్సర్ చిప్) వచ్చింది. 2048×2048 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 15 మైక్రాన్లు. సిలికాన్ మందం కూడా దాదాపు 15 మైక్రాన్లే. వెనక వైపు నుంచి వెలుగు తీసుకునే రకం. దాంతో వచ్చిన కాగితాల్లో ఒక క్యూఈ గ్రాఫ్ ఉంది, కింద చిన్న అక్షరాల్లో ‘టిపికల్’ అని రాసి ఉంది. ఆ రకం చిప్స్ మామూలుగా అలా ఉంటాయని దాని అర్థం. మన దగ్గరున్న ఈ ఒక్క చిప్ ఎలా ఉందో మనమే కొలిచి తెలుసుకోవాలి. ఈ డైరీ అందుకే.

క్యూఈ అంటే క్వాంటం ఎఫిషియన్సీ. చిప్ మీద పడిన వంద ఫోటాన్లలో ఎన్నింటికి ఎలక్ట్రాన్లు దక్కాయన్న లెక్క. మామూలు సీసీడీలో వెలుగు ముందు వైపు నుంచి, అంటే పిక్సెళ్లని నడిపే పాలీసిలికాన్ గేట్ల గుండా లోపలికి వెళ్లాలి. ఎర్ర వెలుగుకి ఆ గేట్లు పెద్ద అడ్డు కాదు. నీలం వెలుగు మాత్రం చాలా వరకు అక్కడే ఇంకిపోతుంది. అందుకే చిప్‌ని తిరగేసి, వెనకనున్న మందమైన సిలికాన్‌ని యాసిడ్‌తో కరిగించి, పని జరిగే పలుచని పొర ఒక్కటే మిగిలేలా చేస్తారు. ఇప్పుడు వెలుగుకి దారిలో గేట్లు లేవు. వెనక ముఖం మీద ప్రతిఫలనాన్ని తగ్గించే పూత వేస్తే కొన్ని రంగుల్లో 90 శాతం పైగా ఫోటాన్లు లెక్కకి వస్తాయి.

సిలికాన్‌లో ఒక్కో రంగు ఒక్కో లోతుకి వెళుతుంది. 400 నానోమీటర్ల నీలం మైక్రాన్‌లో ఒకటి రెండు పదో వంతుల లోతులోనే ఇంకిపోతుంది. 500 దగ్గర అది ఒక మైక్రాన్ చుట్టుపక్కల. 700 దగ్గర ఐదు. 900కి వస్తే ముప్పై మైక్రాన్లు కావాలి, మన చిప్ మందమంతా కలిపినా అందులో సగమే. అందువల్ల నీలంతో కొలిచినప్పుడు నిజానికి వెనక ముఖాన్ని పరీక్షిస్తున్నాం, ఎరుపుతో కొలిచినప్పుడు మొత్తం మందాన్ని పరీక్షిస్తున్నాం. ఒక పచ్చ ఎల్ఈడీ వెలిగించి, గెయిన్ (ఒక్కో అంకెకి ఎన్ని ఎలక్ట్రాన్లో), నాయిస్, లీనియారిటీ (వెలుగుకి తగ్గట్టే సిగ్నల్ పెరగడం) చూసి ‘చిప్ బాగుంది’ అని సంతకం పెట్టేసే పద్ధతి ఈ రకం చిప్‌కి చాలదని నా గట్టి అభిప్రాయం. ప్రతి పరీక్షా కనీసం మూడు రంగుల్లో చేయాలని ముందే నిర్ణయించుకున్నాం.

బెంచ్ సిద్ధం

గ్జెనాన్ దీపం, దాని తరువాత కావాల్సిన ఒక్క రంగునే బయటికి పంపే మోనోక్రోమేటర్, ఆ తరువాత వెలుగుని సమానంగా పరిచే, లోపలంతా తెల్లపూత ఉన్న ఇంటిగ్రేటింగ్ స్ఫియర్, దాని నోటి నుంచి నల్లటి గొట్టం, చివర చిప్ ఉన్న డ్యువార్, అంటే గాలి తీసేసి చల్లగా ఉంచే పాత్ర. టంగ్‌స్టన్ దీపం స్థిరంగా వెలుగుతుంది కానీ 350 నానోమీటర్ల దగ్గర దాంట్లో వెలుగు చాలా తక్కువ. గ్జెనాన్‌లో అక్కడ వెలుగు బాగా ఉంటుంది, కాకపోతే కుదురుగా ఉండదు. అందుకని స్ఫియర్ గోడకి ఒక ఫోటోడయోడ్ బిగించి, ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ దాని కరెంట్‌ని రికార్డు చేస్తున్నాం. ప్రతి ఫ్రేమ్‌నీ ఆ లెక్కతో భాగిస్తే దీపం ఊగిసలాట పోతుంది.

అసలు ప్రమాణం ఇంకో ఫోటోడయోడ్, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో వచ్చింది. డ్యువార్ తీసేసి, చిప్ ఉండాల్సిన తలంలోనే దీన్ని పెట్టి ఒక్కో రంగుకీ కరెంట్ కొలిచాం. తలం మారకూడదు. స్ఫియర్ నుంచి దూరం కొద్దిగా మారినా వెలుగు మారుతుంది, ఆ తేడా నేరుగా క్యూఈలోకి వచ్చి కూర్చుంటుంది.

మోనోక్రోమేటర్‌తో ఒక జాగ్రత్త ఉంది. అందులో రంగులని విడదీసే గ్రేటింగ్‌ని 800 మీద పెడితే, సరిగ్గా సగం తరంగదైర్ఘ్యమున్న 400 నానోమీటర్ల వెలుగు కూడా (దీన్ని రెండో ఆర్డర్ అంటారు) అదే చీలిక నుంచి బయటికి వస్తుంది. మన చిప్‌కి 400 దగ్గరే చూపు ఎక్కువ కాబట్టి, ఎరుపులో క్యూఈ లేనిపోని విధంగా పెరిగినట్టు కనిపిస్తుంది. నీలాన్ని ఆపే ఫిల్టర్‌ని 600 దాటగానే దారిలో పెడుతున్నాం. ఇక దీపం వెలుగుతుండగా షట్టర్ మూసి తీసిన ఫ్రేమ్‌కీ, దీపం ఆర్పి తీసిన ఫ్రేమ్‌కీ తేడా ఏమీ రాలేదు. అంటే ఎక్కడా వెలుగు కారడం లేదు.

డ్యువార్ కిటికీ పూత లేని ఫ్యూజ్డ్ సిలికా. రెండు ముఖాలూ కలిపి ఏడు శాతం దాకా వెలుగుని వెనక్కి పంపేస్తాయి. మేము ఇచ్చే క్యూఈ అంకెలన్నీ ఈ నష్టాన్ని సరిచేసినవే, అంటే చిప్‌వి మాత్రమే. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల రెండు ల్యాబ్‌ల అంకెలు కలవక ఎంత చర్చ జరుగుతుందో చూశాను కాబట్టి ఇక్కడ ఖరారుగా రాసి పెడుతున్నాను.

చల్లబరచడం

చిప్‌ని మైనస్ 100 డిగ్రీల దగ్గర నడుపుతున్నాం. ఆ చలిలో డార్క్ కరెంట్ (వెలుగు లేకపోయినా వేడి వల్ల పుట్టే ఎలక్ట్రాన్లు) గురించి మా ఎక్స్‌పోజర్లకి పట్టించుకోనక్కర్లేదు. గంట సేపు చీకట్లో తీసిన ఫ్రేములు చూశాం, కొన్ని వేడి పిక్సెళ్లు (చీకట్లోనూ ఎక్కువ సిగ్నల్ చూపేవి) తప్ప చెప్పుకోవాల్సింది లేదు.

చెప్పుకోవాల్సింది చల్లబరిచే క్రమం గురించి. వ్యాక్యూమ్‌లో ఎంత శుభ్రం చేసినా కొంత తేమ, కొంత నూనె ఆవిరి మిగిలే ఉంటాయి. అవి లోపల అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట పేరుకుంటాయి. చిప్పే ముందు చల్లబడితే అవి చిప్ మీదే పేరుకుంటాయి. వెనక ముఖం మీద పదుల నానోమీటర్ల మందం పొర పట్టినా అతినీలలోహితంలో చూపు పడిపోతుంది. కాబట్టి చిప్ కింద హీటర్ వెలిగించి దాన్ని గది వేడి దగ్గరే ఉంచి, ముందు గెట్టర్ (మిగిలిన ఆవిరిని పీల్చుకునే పదార్థం) ఉన్న భాగాన్ని బాగా చల్లబరిచి, ఆ తరువాతే చిప్‌ని నిమిషానికి రెండు మూడు డిగ్రీల చొప్పున దించుతున్నాం. వేడెక్కించేటప్పుడు దీనికి తిరగబడిన క్రమం: చిప్ ముందు వేడెక్కాలి.

ఇంకా చల్లగా ఎందుకు నడపకూడదు అని అడగొచ్చు. చలి పెరిగేకొద్దీ సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావాల్సిన కనీస శక్తి) కాస్త పెరుగుతుంది, 900 దాటిన వెలుగుని పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది. అసలే పలుచని చిప్‌కి అక్కడ బలం తక్కువ. మైనస్ 100 మాకు కుదిరిన చోటు.

గెయిన్: రెండు దారుల్లో

క్యూఈ లెక్కకి ముందు, కంప్యూటర్‌లో వచ్చే ఒక్కో అంకె ఎన్ని ఎలక్ట్రాన్లో తెలియాలి. మొదటి దారి ఫోటాన్ ట్రాన్స్‌ఫర్ కర్వ్. ఒకే వెలుగులో రెండు ఫ్లాట్లు (చిప్ అంతటా సమానంగా వెలుగు పడేలా తీసిన ఫ్రేములు) తీసి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే పిక్సెళ్ల మధ్య ఉన్న శాశ్వత తేడాలు పోయి షాట్ నాయిస్, అంటే ఫోటాన్ల రాకలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు, మిగులుతుంది. సిగ్నల్ పెంచుకుంటూ సగటుకీ వేరియన్స్‌కీ (ఆ హెచ్చుతగ్గుల కొలత) గ్రాఫ్ గీస్తే దాని వాలులోంచి గెయిన్ వస్తుంది. తక్కువ సిగ్నల్ దగ్గర మాకు ఒక్కో అంకెకి 1.9 ఎలక్ట్రాన్లు వచ్చింది. బయాస్ ఫ్రేముల (వెలుగు చూపకుండా వెంటనే చదివినవి) ప్రకారం రీడ్ నాయిస్, అంటే చదవడంలోనే చేరే నాయిస్, 4.4 ఎలక్ట్రాన్లు.

సిగ్నల్ పెరిగేకొద్దీ గ్రాఫ్ కిందికి వంగింది. ఇది ఆంప్లిఫయర్ లోపం కాదు, లీనియారిటీ విడిగా చూస్తే బాగానే ఉంది. పిక్సెల్‌లో పోగైన ఎలక్ట్రాన్లు కొత్తగా వచ్చేవాటిని కొంచెం పక్క పిక్సెల్ వైపు నెడతాయి. దాంతో పక్కపక్క పిక్సెళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి వేరియన్స్ తగ్గుతుంది. మొత్తం గ్రాఫ్‌కి ఒకే సరళరేఖ గీస్తే గెయిన్ రెండు దాటి వస్తుంది. అందుకే అడుగు భాగానికే రేఖ గీశాం.

ఈ పరీక్ష 550 నానోమీటర్లలో చేశాం. అతినీలలోహితంలో చేయకూడదు. అక్కడ ఫోటాన్ శక్తి ఎక్కువ కాబట్టి ఒక ఫోటాన్‌కి ఒకటికి మించి ఎలక్ట్రాన్లు పుట్టే అవకాశం మొదలవుతుంది, నాయిస్ లెక్క తప్పుతుంది.

రెండో దారి ఐరన్-55. ఈ రేడియోధార్మిక మూలం నుంచి 5.9 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎక్స్‌రేలు వస్తాయి. సిలికాన్‌లో ఒక్కోటి సుమారు 1,620 ఎలక్ట్రాన్లని పుట్టిస్తుంది. ఈ లెక్కలో దీపం లేదు, డయోడ్ లేదు, ప్రకృతి ఇచ్చిన కొలబద్ద. మాకు ఆ శిఖరం 850 అంకెల దగ్గర కనిపించింది. గెయిన్ మళ్లీ 1.9 వచ్చింది. రెండు దారులూ ఒకే చోటికి చేరాక నాకు టెన్షన్ తగ్గింది, ఎందుకంటే గెయిన్‌లో ఐదు శాతం తప్పుంటే క్యూఈలోనూ సరిగ్గా ఐదు శాతం తప్పు ఉంటుంది.

పలుచని చిప్‌లో ఐరన్-55 చిత్రం ముందు వైపు రకం చిప్‌లో లాగా ఉండదు. ఎక్స్‌రే మచ్చల్లో చాలా వాటిల్లో ఎలక్ట్రాన్లు ఒక్క పిక్సెల్‌లో కాక రెండు, మూడు, నాలుగు పిక్సెళ్లలో పంచుకుని కనిపించాయి. ఎక్స్‌రే వెనక ముఖం దగ్గర ఆగితే, ఆ ఎలక్ట్రాన్ల గుంపు గేట్ల దాకా చేరేలోపు పక్కలకి వ్యాపిస్తుంది. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

నీలం

ఈ చిప్‌ని కొన్నదే నీలం కోసం, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాం.

ముందు అంకెలు. 350 నానోమీటర్ల దగ్గర క్యూఈ 52 శాతం, 400 దగ్గర 81, 500 దగ్గర 92, 650 దగ్గర 90. కాగితాల్లోని గ్రాఫ్‌తో 400 పైన బాగా కలిసింది. 350 దగ్గర మాది కొంచెం కింద ఉంది. అక్కడ మా కొలతలోనే మూడు శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పలేను.

తీర్పు చెప్పేది ఆ అంకె నిలకడ. సిలికాన్ ముఖం గాలికి తగిలితే దానంతటదే పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, అందులో ధన విద్యుదావేశం చిక్కుకుని ఉంటుంది. వెనక ముఖం దగ్గర పుట్టిన ఎలక్ట్రాన్లని అది తన వైపు లాక్కుంటుంది. నీలం వెలుగు తెచ్చే ఎలక్ట్రాన్లన్నీ అక్కడే పుడతాయి కదా. గేట్ల వైపు రావాల్సినవి ముఖం దగ్గరే చిక్కి నశిస్తాయి. దీన్ని ఆపడానికి వెనక ముఖంలో చాలా పలుచగా బోరాన్ చొప్పించి లేజర్‌తో వేడిచేసి స్థిరపరుస్తారు, లేదా అణువుల పొరలు పేర్చి డెల్టా డోపింగ్ చేస్తారు, లేదా ప్రత్యేకమైన లోహపు పూత వేస్తారు. మా చిప్‌కి చేసింది బోరాన్, లేజర్ పద్ధతి.

ఆ పని సగంలో ఆగితే చిప్‌కి జ్ఞాపకం వస్తుంది. అంతకు ముందు దాని మీద ఎంత వెలుగు పడిందో దాన్ని బట్టి ఇప్పటి క్యూఈ మారుతుంది. దీనికి హబుల్ టెలిస్కోప్ మొదటి వైడ్ ఫీల్డ్ కెమెరానే పెద్ద ఉదాహరణ. 1990లో అంతరిక్షంలోకి వెళ్లిన ఆ కెమెరాలో 800×800 పిక్సెళ్ల పలుచని చిప్స్ ఎనిమిది ఉండేవి. వాటి వెనక ముఖం సరిగ్గా పనిచేయాలంటే సూర్యకాంతిలోని అతినీలలోహితంతో వాటిని ముంచెత్తాల్సి వచ్చేది. చిప్స్‌ని వేడెక్కిస్తే ఆ ప్రభావం పోతుంది. చలి భాగాల మీద పేరుకున్న మలినాన్ని వదిలించాలంటే మాత్రం వేడెక్కించక తప్పదు. ఈ రెండిటి మధ్య ఇరుక్కున్న పరిస్థితి అది. 1993 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన రెండో కెమెరాలో పలుచని చిప్స్ వదిలేసి, ముందు వైపు నుంచి వెలుగు తీసుకునే మందపు చిప్స్ మీద అతినీలలోహితాన్ని కనిపించే వెలుగుగా మార్చే పూత వేసి పంపారు. అంత పెద్ద నిర్ణయం కొన్ని పదుల నానోమీటర్ల పొర దగ్గర తేలింది.

మా జ్ఞాపక పరీక్ష ఇలా చేశాం. చిప్‌ని రాత్రంతా చీకట్లో ఉంచి, పొద్దున్నే 350, 400, 600లో చాలా తక్కువ వెలుగుతో ఒక్కో ఫ్లాట్ తీశాం. తరువాత 350 వెలుగుతో, పిక్సెళ్లు నిండిపోని స్థాయిలో, మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేసి చదివేశాం. వెంటనే మొదటి మూడు ఫ్లాట్లనీ అదే క్రమంలో మళ్లీ తీసి నిష్పత్తి చూశాం. 600లో మార్పు లేదు. 400లో ఒక శాతం లోపు. 350లో దాదాపు రెండు శాతం పెరిగింది.

ఎరుపు వైపు వెళ్లేకొద్దీ మార్పు మాయమవడం చూస్తే కారణం వెనక ముఖమే అని తెలుస్తోంది. దీపం మారి ఉంటే స్ఫియర్ గోడకున్న మానిటర్ డయోడ్ చెప్పేది. గెయిన్ మారి ఉంటే 600లో కూడా కనిపించేది. రెండు శాతం పెద్ద లోపం కాదు, చిప్‌ని తిరిగి పంపేంత కాదు. కానీ ఒక నక్షత్రం వెలుగుని 350 దగ్గర ఒక శాతం ఖచ్చితత్వంతో కొలుస్తామని ఎవరికైనా మాట ఇచ్చే ముందు ఈ విషయం తెలిసి ఉండాలి. ప్రతి రాత్రీ పని మొదలుపెట్టే ముందు చిప్‌కి ఒకే మోతాదు అతినీలలోహితం చూపించాలని నియమం పెట్టుకున్నాం.

350 ఫ్లాట్‌లో ఇంకోటి కనిపించింది. చిప్ అంతటా ఇటుకల గోడ కట్టినట్టు మసక గళ్లు. లేజర్ అడుగు అడుగుగా జరుగుతూ వేడిచేసిన చోట ఒక దెబ్బకీ పక్క దెబ్బకీ మధ్య అతుకులు అవి. 400లో కష్టపడి చూస్తే తెలుస్తాయి, 500లో లేవు. ఫ్లాట్‌తో భాగిస్తే పోతాయి, అయితే ఫ్లాట్ కూడా అదే రంగులో తీసి ఉండాలి. తెల్ల వెలుగు ఫ్లాట్‌తో 350 చిత్రాన్ని సరిచేస్తే ఆ గళ్లు అలాగే మిగులుతాయి.

ఎరుపు

800 దగ్గర క్యూఈ 65 శాతం. 900 దగ్గర 35కి పడింది. 1000 దగ్గర ఐదు. వెలుగు చిప్ గుండా దూసుకుపోతోంది, అంతే. నీలం కెమెరాకి ఇది అడ్డు కాకపోయినా చిప్ మందం గురించి తెలుసుకోవడానికి ఎరుపు చాలా పనికొచ్చింది.

750 దాటాక ఫ్లాట్ల మీద వంకర టింకర చారలు మొదలయ్యాయి. లోపలికి వెళ్లిన వెలుగు ముందు ముఖం నుంచి తిరిగివచ్చి, కొత్తగా వస్తున్న వెలుగుతో కలుస్తుంది. మందాన్ని బట్టి కొన్ని చోట్ల రెండూ కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వీటినే ఫ్రింజెస్ అంటారు. ఇక్కడ మోనోక్రోమేటర్ చీలిక వెడల్పు చాలా ముఖ్యం. పది నానోమీటర్ల వెడల్పు వెలుగులో చారలు దాదాపు కనిపించలేదు. రెండు నానోమీటర్లకి తగ్గించగానే స్పష్టంగా తేలాయి. ఎందుకంటే ఈ మందానికి 900 దగ్గర తరంగదైర్ఘ్యం దాదాపు ఏడు నానోమీటర్లు మారితే చారల నమూనా ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. అంతకన్నా వెడల్పైన వెలుగు ఆ చుట్లన్నిటినీ కలిపేసి నునుపు చేస్తుంది. వెడల్పు చీలికతో కొలిచి ఈ చిప్‌లో ఫ్రింజెస్ లేవని రాస్తే, స్పెక్ట్రోగ్రాఫ్‌లో పెట్టాక మాత్రం అవే చారలు ఎదురవుతాయి. అక్కడ ప్రతి పిక్సెల్‌కీ చేరేది చాలా ఇరుకైన వెలుగే.

నాకు బాగా నచ్చిన పని ఇది. 900లో సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.6. ఒక చారకీ పక్క చారకీ మధ్య మందంలో తేడా తరంగదైర్ఘ్యాన్ని గుణకానికి రెండింతలతో భాగించినంత, అంటే మైక్రాన్‌లో ఎనిమిదో వంతు. అంటే 900 ఫ్లాట్ ఆ చిప్ మందానికి కాంటూర్ మ్యాప్ అన్నమాట. మధ్య నుంచి మూల దాకా చారలు లెక్కపెట్టుకుంటూ పోతే మందం ఎంత మారిందో వస్తుంది. మా చిప్‌లో మూడు మూలలు దాదాపు సమానంగా ఉన్నాయి, నాలుగో మూల వైపు చారలు దగ్గర దగ్గరగా వచ్చాయి. యాసిడ్ అక్కడ కొంచెం ఎక్కువ తిన్నదని నా అంచనా. అదే మూలలో 900 క్యూఈ కూడా కాస్త తక్కువ ఉండటం దీనికి సరిపోయింది.

ఇంత పలుచని సిలికాన్‌కి ఆధారం లేకపోతే ఎండిన ఆకులా ముడుచుకుంటుంది, అందుకే దాన్ని దళసరి పలక మీద అతికిస్తారు. చల్లబడ్డాక ముఖం ఎంత చదునుగా ఉందో విడిగా కొలవాలి. మందం వేరు, చదును వేరు, చారలు చదును గురించి ఏమీ చెప్పవు.

చుక్క ఎంత పదునుగా ఉంది

పిన్‌హోల్‌ని ఒక లెన్స్‌తో చిప్ మీద చిన్న చుక్కగా పడేసి, 400లోనూ 800లోనూ దాని వెడల్పు కొలిచాం. ప్రతి రంగుకీ మళ్లీ ఫోకస్ చేశాం, లెన్స్ దోషాన్ని చిప్ ఖాతాలో వేయకూడదు కాబట్టి. లెన్స్ ఒక్కటే కారణమైతే నీలం చుక్కే చిన్నగా ఉండాలి. మాకు నీలం చుక్కే వెడల్పుగా వచ్చింది.

కారణం ఐరన్-55 మచ్చల దగ్గర చెప్పిందే. నీలం ఎలక్ట్రాన్లు వెనక ముఖం దగ్గర పుట్టి మొత్తం 15 మైక్రాన్లూ ప్రయాణించాలి. గేట్ల వోల్టేజి లాగే శక్తి ఆ వెనక చివరి దాకా చేరకపోతే, మధ్యలో ఆ ఎలక్ట్రాన్లు దిక్కు లేకుండా అటూ ఇటూ తిరిగి పక్క పిక్సెళ్లలో పడతాయి. 800 ఫోటాన్లు మందమంతటా పుట్టిస్తాయి కాబట్టి వాటిలో చాలా వాటికి అంత దూరం ఉండదు. ఎలక్ట్రాన్లని సేకరించే సమయంలో గేట్ల పై వోల్టేజిని అనుమతించిన హద్దులోపల ఒక్కో మెట్టూ పెంచి చూస్తే నీలం చుక్క ప్రతి మెట్టుకీ సన్నబడింది, 800 చుక్క దాదాపు అలాగే ఉంది. బాగా పెంచితే అనవసరపు చార్జ్ పుట్టడం మొదలై బయాస్ ఫ్రేముల్లో కనిపించింది, కాబట్టి దానికి ఒక మెట్టు కిందే ఆపేశాం.

ఒక్క పచ్చ ఎల్ఈడీతో ఇది బయటపడేది కాదు. స్పెక్ట్రోగ్రాఫ్‌లో గీతల పదును తగ్గితే అందరూ ముందు ఆప్టిక్స్ వైపే చూస్తారు. నీలం చివరన తగ్గే పదునులో చిప్ వాటా ఎంతో ఇప్పుడు మా దగ్గర అంకె ఉంది.

ఇప్పటికి సెట్ చేసినవి, మిగిలిన పని

మైనస్ 100 డిగ్రీలు, గెయిన్ 1.9, నీలం చుక్కని బట్టి ఎంచిన గేట్ వోల్టేజి, రాత్రికొక మోతాదు అతినీలలోహితం. ఫ్లాట్లు ఏ రంగు చిత్రానికి ఆ రంగులోనే. ఇవి కంట్రోలర్ ఫైల్లో రాసి లాక్ చేశాం.

మిగిలింది వేడి చలి చక్రాల పరీక్ష. చిప్‌ని గది వేడికి తెచ్చి మళ్లీ చల్లబరిచి, 350 దగ్గర క్యూఈ మళ్లీ కొలవాలి. అది ముందున్న విలువకే వస్తే మంచిదే. రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా పడిపోయి, వేడెక్కించగానే తిరిగి వస్తే డ్యువార్‌లో మలినం ఉన్నట్టు. వేడెక్కించినా రాక, అతినీలలోహితంతో ముంచాకే వస్తే వెనక ముఖం పొరలో బలహీనత. రెండిటికీ చికిత్స వేరు: మొదటిదానికి గెట్టర్ మార్చి డ్యువార్‌ని వేడిచేసి శుభ్రం చేస్తాం, రెండోదానికి రాత్రి మోతాదుని పెంచుతాం. పంపు ఇప్పటికే నడుస్తోంది, వేడెక్కించడం రేపు ఉదయం మొదలవుతుంది.